ఒక్క రాత్రి మానేసినందుకు

మంచు మీద రాళ్లు జార్చి ఆడే కర్లింగ్ ఆట రింకులో, ఆడవాళ్ల టాయిలెట్లలో చివరి గదికి గడియ పెట్టుకుని కూర్చుంది లారిస్సా. ప్యాంటు పూర్తిగా పాడైంది. నడకకు ఊతంగా మడమలకు కట్టుకున్న పట్టీల దాకా కారింది. మార్చుకునే బట్టల సంచి బట్టలు మార్చుకునే గదిలో బెంచీ కింద ఉంది. ఫోను కోటు జేబులో, ఆ కోటూ అక్కడే. తెచ్చిపెట్టమని అడగాలంటే ఎందుకో చెప్పాలి. పన్నెండేళ్లుగా ఇంటి గడప దాటనివ్వని మాట అది.

లారిస్సా పుట్టినప్పుడు వెన్నెముక కింది భాగం మూసుకోలేదు. ఆపరేషన్లు చేశారు, నడిపించారు. కొంచెం కుంటుతుంది, మోకాలి నొప్పని జట్టులో చెప్పుకుంది. చెప్పనిది వేరే ఉంది. కడుపు ఎప్పుడు కదులుతుందో ఆమెకు కబురు అందదు. అందుకే రోజూ రాత్రి, బొడ్డు దగ్గర డాక్టర్లు పెట్టిన చిన్న రంధ్రంలోంచి నీళ్లెక్కించుకుని గంటసేపు కమోడ్ మీద కూర్చోవాలి. పేగు శుభ్రమైతే మర్నాడంతా నిశ్చింత.

నిన్న రాత్రి మొదటిసారి, జట్టులో స్నేహితురాలు బ్రిన్ వాళ్లింట్లో పడుకుంది. అయిదుగురికి ఒకటే బాత్రూం. అందులో గంటసేపు తలుపేసుకుంటే ఊళ్లో టముకు వేయించుకున్నట్టే. అమ్మ ఫోన్ చేసి "అయిందా?" అంటే "ఎప్పుడో అయింది" అనేసింది. ఇలాంటి పిల్లలు ఏదో ఒకనాడు చేసే తప్పే ఇది, ఒక్క రాత్రికేం కొంప మునుగుతుందిలే అనుకుంటారు. మునుగుతుంది. పేగుకు మొహమాటాలుండవు.

"లారీ! ఎంతసేపే? అవతల మన వంతు వచ్చేసింది!" బయట బ్రిన్ గొంతు.

"కడుపునొప్పి. మీరు మొదలెట్టండి."

"అబ్బో, ఏం కంపే ఇది!" అంది టీగన్, జట్టులో ఇంకో పిల్ల. "ఎవరో చచ్చిన ఎలుకను పాతిపెట్టినట్టున్నారు ఇక్కడ."

ఇద్దరూ పడీపడీ నవ్వారు. లారిస్సా కాళ్లు దగ్గరికి ముడుచుకుంది. తన వాసన తనకు అలవాటైపోయి తెలియదు. ఎదుటివాళ్ల ముక్కు చూసి తెలుసుకోవాలి. ఇప్పుడు ఆ ముక్కులు కూడా కనబడటం లేదు.

అప్పుడే బ్రిన్ వాళ్లమ్మ షెరిల్ చిన్నకూతురిని వెంటబెట్టుకుని లోపలికొచ్చింది. జోసీకి నాలుగేళ్లు.

"అదుగో, జోసీయే అయ్యుంటుంది! ఇందాక ఇక్కడే ఆడుకుంటోంది!" అంది బ్రిన్.

"మళ్లీ కానిచ్చావుటే?" అంది షెరిల్.

"నేను కాదు!"

"మరి గాల్లోంచి ఊడిపడిందా? మొన్నే కదా, పెద్దపిల్లవయ్యావని మురిసిపోయాను. నాదే బుద్ధి తక్కువ. పద ఇంటికి. ఇవాళ్టినుంచి మళ్లీ డైపరే."

"వద్దమ్మా! నేను పెద్దపిల్లని! చూడు, చూడవే, పొడిగానే ఉంది!"

షెరిల్ చూడలేదు. చెయ్యి పట్టుకుని లాగుతోంది. పిల్ల బూట్లు నేల మీద రాసుకుంటూ పోతున్న చప్పుడు.

నోరు మూసుకుంటే గట్టెక్కినట్టే. నింద మోయడానికి మనిషి దొరికింది. సాయంత్రానికి చిప్స్ పెడితే అన్నీ మరిచిపోయే మనిషి. లారిస్సాకు నిజంగానే ప్రాణం లేచొచ్చింది, వెంటనే తన మీద తనకే రోత పుట్టింది. పొడిగా ఉన్నానని ఏడుస్తోంది ఆ పిల్ల. పొడిగా ఉండటం ఎంత గొప్పో ఈ గదిలో కూర్చున్నదానికి తెలిసినంతగా వాళ్లమ్మకు కూడా తెలియదు.

"ఆంటీ," అంది లారిస్సా. "జోసీ కాదు. నేను."

ఈడ్చుకుపోతున్న బూట్ల చప్పుడు ఆగింది.

"నా వెన్ను బాగోదు. వచ్చేది నాకు తెలీదు, దానంతటదే వచ్చేస్తుంది. బెంచీ కింద నీలం సంచి ఉంది. మీరే తెచ్చిపెట్టండి ఆంటీ."

తర్వాత బుల్లి బూట్లు తలుపు కిందికి వచ్చి నిలబడ్డాయి.

"నువ్వు పెద్దదానివి కదా లారీ?"

"ఊఁ."

"అమ్మా, మరి లారీకి డైపరు వేస్తావా?"

"జోసీ!" అంది షెరిల్.

"నాకు రోజూ డైపరే బంగారం," అంది లారిస్సా, మూసిన తలుపుతో. "నీకింక వద్దులే."