తూములపాడు సెమినరీ బల్లగంట

నేను ఒక గంటను. ఆ మాట వినగానే మీరు తలెత్తి గుడిగోపురం వైపు చూస్తారని నాకు తెలుసు. చూడకండి, మెడనొప్పి తప్ప ఏమీ దొరకదు. అక్కడ ఉండేది మా పెద్దాయన. ఊరంతటినీ నిద్రలేపడం ఆయన పని. నేను జానెడు పొడవైనా లేని చేతిగంటను. తూములపాడు మైనర్ సెమినరీ భోజనశాలలో, సెమినరీని నడిపే రెక్టరు ఫాదర్ గారి కంచం పక్కన, ఉప్పుగిన్నెకీ మంచినీళ్ళ గ్లాసుకీ మధ్య నా చోటు. పెద్దాయన మనుషుల్ని ప్రార్థనకు పిలుస్తాడు, నేను కబుర్లకు పిలుస్తాను. ఎవరి పిలుపుకు జనం తొందరగా పలుకుతారో నేను వేరే చెప్పక్కర్లేదు.

మైనర్ సెమినరీ అంటే ఏమిటో తెలియనివాళ్ళకు ఒక్క ముక్కలో చెబుతాను. పెద్దయ్యాక ఫాదర్లు కావాలనుకునే కతోలిక పిల్లలు ఏడో తరగతి కాగానే వచ్చి చేరే ఇల్లు అది. బడీ హాస్టలూ అన్నీ ఒక్కచోటే. చేరినవాళ్ళంతా ఫాదర్లవుతారా అంటే, కారు. నిజం చెప్పాలంటే పదిమందిలో తొమ్మిదిమంది కారు. మా కథలో చిక్కంతా అక్కడే ఉంది.

నన్ను పోసింది గోదావరి జిల్లాలో గవరయ్య అనే కంచరి. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ పూజగంటలు చేసిన చెయ్యి అది. పిడి చివర గరుత్మంతుణ్ణి కూర్చోబెట్టకపోతే ఆయనకు గంట పూర్తయినట్టే ఉండదు. ఇటలీ నుంచి వచ్చిన ఫాదర్ బెర్నార్దో "పిడి ఉత్తదే చాలు, బొమ్మలేమీ వద్దు" అని చెప్పి వెళ్ళినా, అలవాటు కొద్దీ గరుత్మంతుడు వచ్చేశాడు. నాలిక కరుచుకుని ఆకురాయితో అరగదీయడం మొదలుపెట్టాడు గవరయ్య. రెక్కలు పోయాయి, ముక్కు పోయింది, నడుము పోయింది. పాదాల దగ్గరికి వచ్చేసరికి ఫాదర్ గుమ్మంలో నిలబడి ఉన్నారు.

"ఈ కాళ్ళు ఎవరివి?" అన్నారాయన, వచ్చీరాని తెలుగులో.

"రెక్కలున్నాయన కాళ్ళండి. మీ దాంట్లోనూ రెక్కలున్నోళ్ళు ఉంటారంట కదండీ. ఆళ్ళవే అనుకోండి."

ఫాదర్ పగలబడి నవ్వి నన్ను సంచిలో వేసుకున్నారు. అలా నేను రెండు మతాల కాళ్ళతో పల్నాడు చేరాను.

ఇక నా ఉద్యోగం. ఆ రోజుల్లో సెమినరీలో మౌనంగా భోంచేయాలి. జపం కాగానే నూట ఇరవైమంది పిల్లలు కూర్చుంటారు. ఒకడు ఎత్తుబల్ల ఎక్కి పునీతుల చరిత్ర చదువుతాడు. మిగతావాళ్ళు వింటూ తింటారు. వింటారని నేను ప్రమాణం చేయను గానీ తింటారు. సగం భోజనం అయ్యాక రెక్టరు గారు నన్ను ఒక్కసారి ఆడిస్తారు. చదివేవాడు ఎక్కడున్నవాడు అక్కడే ఆగిపోతాడు, పునీతుడు సింహం నోట్లో ఉన్నా సరే. పిల్లలంతా "సర్వేశ్వరునికి వందనములు" అని ఒక్క గొంతుతో అంటారు. ఆ మరుక్షణం గది సంత అయిపోతుంది. నేను మోగేదాకా మాట్లాడితే శిక్ష కాబట్టి పిల్లలు సైగలు కనిపెట్టుకున్నారు. పిడికిలి ఎత్తితే అన్నం, రెండు వేళ్ళు ఆడిస్తే కూర, చెవి పట్టుకుంటే మజ్జిగ. చెవికీ మజ్జిగకీ సంబంధమేమిటో ఇన్నేళ్ళయినా నాకు బోధపడలేదు.

కాలం మారింది. ఇంగ్లీషు మీడియం బళ్ళు ఊరూరా వచ్చాయి. ఇంటికి ఇద్దరు పిల్లలే అయ్యారు. ఇద్దరిలో ఒకణ్ణి దేవుడికిస్తే మిగిలేది ఒక్కడే కదా అని తల్లులు భయపడ్డారు. నూట ఇరవై అరవైకి దిగింది, అరవై ఇరవైకి. ఆఖరికి తొమ్మిదిమంది మిగిలారు. తొమ్మిదిమందికి ఎత్తుబల్ల ఎక్కి చదవడం ఎబ్బెట్టుగా ఉందని ఒక రెక్టరు గారు ఆ పద్ధతే ఎత్తేశారు. ఆ రోజుతో నా ఉద్యోగమూ ఊడింది. వంటమనిషి ఆరోగ్యమ్మ నన్ను వంటింట్లోకి తీసుకుపోయి పప్పుగిన్నె మూతమీద బరువుగా పెట్టింది. పదేళ్ళపాటు పిల్లుల నుంచి పప్పును కాపాడాను. అదీ సేవే అనుకున్నాను. అనుకోక చేసేదేముంది?

ఇలా ఉండగా ఫాదర్ సిలువరాజు గారు కొత్త రెక్టరుగా వచ్చారు. ముప్ఫై నాలుగేళ్ళ మనిషి. వేరే జిల్లాలో చదువుకున్నారు కాబట్టి మా ఇంటి పద్ధతులు ఆయనకు తెలియవు. వచ్చిన మూడో నెలలో బిషప్ గారి దగ్గర నుంచి ఉత్తరం వచ్చింది. ఆగస్టు పదిహేను, మరియమాత మోక్షారోపణ పండుగ నాటికి కనీసం ఇరవై ఐదుమంది పిల్లలు ఉండాలి. లేకపోతే ఉన్నవాళ్ళను పట్నం సెమినరీకి మార్చేస్తారు. భవనాన్ని ఒక మిర్చి వ్యాపారి గోడౌనుకు అడుగుతున్నాడు. ఫాదర్ ఆ ఉత్తరాన్ని వంటింట్లో నిలబడి ఆరోగ్యమ్మకు చదివి వినిపించారు. ఆమె ఉల్లిపాయలు తరుగుతోంది కాబట్టి ఆ కన్నీళ్ళు దేనివో తేల్చలేకపోయాను. నాకు మాత్రం దిగులేసింది. మిరప బస్తాలతో ఎవరు కబుర్లాడతారు?

ఫాదర్ ఊరుకోలేదు. పాత విద్యార్థుల వాట్సాప్ గ్రూపు నడిపే బాలశౌరిని పట్టుకున్నారు. బాలశౌరి బిల్డింగు కాంట్రాక్టరు, నోరున్న మనిషి. ఫిబ్రవరిలో రెండో శనివారం యాభై ముగ్గురిని పోగేశాడు. అందులో ఫాదర్లు అయినవాళ్ళు నలుగురే. తక్కినవాళ్ళలో టీచర్లున్నారు, హోమియో డాక్టరున్నాడు, ఫోటోగ్రాఫరున్నాడు, ఆర్టీసీలో కండక్టరుగా రిటైరైన ఇన్నాసి ఉన్నాడు. ఆవరణలో వాళ్ళ గోలకు చెట్లమీది కాకులు లేచిపోయాయి. ఫాదర్ సంబరపడి, "భోంచేస్తూనే మన సమస్య మాట్లాడుకుందాం" అన్నారు.

అందరూ భోజనశాలలోకి వచ్చారు. జపం అయింది. పాత బల్లల దగ్గర, ఎవరి పాత చోట్లో వాళ్ళు కూర్చున్నారు. అంతే. గది నిశ్శబ్దమైపోయింది.

అరవై దాటినవాళ్ళు, బట్టతలలవాళ్ళు, మనవలున్నవాళ్ళు, తలలు వంచుకుని తింటున్నారు. ఒక్కడూ పెదవి విప్పడు. ఫాదర్ ఎదురుచూశారు. కోడికూర బాగుందా అని అడిగారు. యాభై మూడు తలలు ఊగాయి, అంతే. ఇంతలో హోమియో డాక్టరు గారు ఫాదర్ వైపు సూటిగా చూస్తూ పిడికిలి ఎత్తారు. అన్నం బేసిను ఫాదర్ ముందుంది మరి. ఫాదర్ గబుక్కున కుర్చీ వెనక్కి జరుపుకున్నారు. అటుపక్క ఇద్దరు వేళ్ళు ఆడించుకుంటున్నారు. ఒకాయన చెవి పట్టుకుని ఫాదర్ వైపు గుర్రుగా చూస్తున్నాడు. ఈయనకేమో తన మీద తిరుగుబాటు లేచిందని రూఢి అయిపోయింది. వంటింటి కిటికీలోంచి ఇదంతా చూస్తూ నేను లోపల్లోపల ఎంత నవ్వుకున్నానో చెప్పలేను.

ఫాదర్ వంటింట్లోకి వచ్చి, "ఆరోగ్యమ్మా, వీళ్ళకు నా మీద ఏమిటంత కోపం?" అని గుసగుసగా అడిగారు.

ఆరోగ్యమ్మ తొంగి చూసింది. ఆమె ఇరవై ఏళ్ళ వయసు నుంచీ ఆ ఇంట్లోనే ఉంది. నవ్వాపుకోలేక పైట నోటికడ్డం పెట్టుకుంది. పప్పుగిన్నె మీంచి నన్ను తీసి, అదే పైటతో తుడిచి ఫాదర్ చేతిలో పెట్టింది.

"కోపమూ లేదు పాడూ లేదు ఫాదరుగారా. దీన్ని కొట్టండి. కొట్టకపోతే సాయంత్రం దాకా ఇట్టాగే కూచుంటారు."

ఫాదర్ బితుకుబితుకుమంటూ నన్ను ఆడించారు. పదేళ్ళ తర్వాత మోగాను. "సర్వేశ్వరునికి వందనములు!" అని యాభై ముగ్గురూ ఒక్కసారి అరిచారు. ఆ తర్వాత తమకే సిగ్గేసి, ఒకరి ముఖం ఒకరు చూసుకుని, కడుపు పట్టుకుని నవ్వారు. డాక్టరు గారు ఫాదర్‌కు పిడికిలి అర్థం వివరించి, అన్నం వడ్డించుకున్నారు.

ఇక సలహాల వాన. రంగులు వేయిద్దాం అన్నారొకరు. కంప్యూటర్లు పెడదాం అన్నారింకొకరు. బాలశౌరి గేటు దగ్గర పెద్ద ఆర్చి కట్టి, దానిమీద పేర్లు చెక్కిద్దాం అన్నాడు. ఎవరి పేరు పైన ఉండాలన్న దగ్గర పావుగంట గడిచింది. మనుషులు ఇల్లు కూలిపోతుందంటే గుమ్మానికి తోరణం కొలతలు చూస్తారు. అరవై ఏళ్ళుగా గమనిస్తున్నాను.

ఫాదర్ మెల్లగా అడిగారు: "పెద్దలు ఏమీ అనుకోకపోతే ఒక మాట. మీలో ఎంతమంది మీ పిల్లల్ని గానీ మనవల్ని గానీ ఇక్కడ చేర్పించారు?"

మళ్ళీ నిశ్శబ్దం. ఈసారి నన్ను ఎంత కొట్టినా పోయేది కాదు.

చివరి బల్ల దగ్గర ఇన్నాసి లేచాడు. "నేను చెబుతా ఫాదరుగారా. నాకు పదహారేళ్ళప్పుడు, నావల్ల కాదు, ఇంటికి పోతానని రెక్టరు గారికి చెప్పా. తెల్లారి అందరూ గుళ్ళో పూజలో ఉంటే నా ట్రంకు పెట్టె ఇచ్చి వంటింటి దొడ్డిదారిన పంపించారు. అప్పట్లో పద్ధతది. పోయేవాణ్ణి చూస్తే ఉన్నోళ్ళ మనసు చెదురుద్దని. మూడేళ్ళు నా పక్కన కూచుని తిన్న బాలశౌరికి కూడా పోయొస్తానని చెప్పలా. తర్వాత ఈ రూట్లోనే ఇరవై ఏళ్ళు కండక్టరు చేశా. సెమినరీ స్టాపు, సెమినరీ స్టాపు అని నేనే అరిచేవాణ్ణి. అరిచి అటు పక్కకి తిరిగేవాణ్ణి. ఏం తప్పు చేశానని? మా వాణ్ణి పంపమంటే ఎట్టా పంపుతా? ఫాదరైతే పర్లేదు. కాకపోతే దొంగలాగా దొడ్డిదారిన రావాలి గదా."

నాకు ఆ రోజు గుర్తుంది. ఆ మధ్యాహ్నం నేను మోగాను, అందరూ మాట్లాడారు, ఇన్నాసి పేరు మాత్రం ఎవరూ ఎత్తలేదు. వెళ్ళినవాడి పేరు ఎత్తకూడదన్నది కూడా పద్ధతే. ఆ కబుర్లను మొదలుపెట్టించింది నేనే కదా అని ఇప్పుడు బాధపడ్డాను.

బాలశౌరి ఆర్చి సంగతి మరిచిపోయాడు. "నీ చోటు ఖాళీగా ఉంటే నీకు జ్వరమేమో అనుకున్నాన్రా," అన్నాడు. "వారం దాకా అట్టాగే అనుకున్నా."

ఫాదర్ నన్ను బల్లమీద పెట్టారు. తర్వాత లేచి, "ఇకమీదట ఈ ఇంట్లోంచి వెళ్ళే ఏ పిల్లవాడైనా అందరితో భోంచేసి, అందరికీ చెప్పి, ముందు గేటులోంచే వెళతాడు. ఇది నా మాట," అన్నారు.

ఆ వేసవిలో జరిగింది చూసి నేనే ఆశ్చర్యపోయాను. ఆదివారం ఆదివారం ఇద్దరిద్దరు చొప్పున పాత విద్యార్థులు ఊళ్ళమీద పడ్డారు. పూజ అయ్యాక పీఠం ముందు నిలబడి, "నేను తూములపాడు సెమినరీలో చదివాను. ఫాదర్‌ని కాలేదు. కండక్టర్నయ్యాను. నాకు చదువూ పద్ధతీ నేర్పింది ఆ ఇల్లే," అని ఇన్నాసి చెబుతుంటే జనం చెవులు రిక్కించి విన్నారట. ఫాదరు కానివాళ్ళు సెమినరీ గురించి పీఠం ముందు మాట్లాడటం వాళ్ళెప్పుడూ చూడలేదు. జూన్‌లో పదహారుమంది కొత్తపిల్లలు వచ్చారు. అప్పటికే ఉన్న తొమ్మిదీ, కొత్త పదహారూ ఇరవై ఐదు. నన్ను మళ్ళీ ఉప్పుగిన్నె పక్కన పెట్టారు. పప్పును పిల్లుల దయకు వదిలేశాను.

ఆగస్టు పన్నెండున ప్రకాశ్ అనే తొమ్మిదో తరగతి పిల్లవాడు ఫాదర్ దగ్గరికి వచ్చి, ఇంటికి వెళ్ళిపోతానన్నాడు. బెంగ కాదట, ఆలోచించుకున్నాడట. పదిహేనున బిషప్ గారి తరఫున వికార్ ఫాదర్ వచ్చి పిల్లల్ని లెక్కపెట్టాలి.

"మూడంటే మూడు రోజులు ఆగమనండి ఫాదరుగారా," అంది ఆరోగ్యమ్మ. "పండగ భోజనం తినిపోదువులే అంటే ఆగుతాడు."

ఆ మధ్యాహ్నం ఫాదర్ నన్ను చేతిలో పట్టుకుని ఊరికే అటూ ఇటూ తిప్పుతూ కూర్చున్నారు. ఆ ఇల్లు ఆయన ప్రాణమైపోయిందని నాకు తెలుసు. ఆపండి, మూడు రోజులే కదా అని నాకూ అనాలనిపించింది. నాలుక ఉంది గానీ నాకై నేను ఆడించుకోలేను కదా. చివరికి ఆయన లేచి ఇన్నాసికి ఫోన్ చేశారు.

మర్నాడు ప్రకాశ్‌ను తన పక్కనే కూర్చోబెట్టుకున్నారు. వాడికిష్టమని గుడ్డుకూర చేయించారు. జపం కాగానే నన్ను మోగించారు. పిల్లలు వాడికి ఒక పెన్నూ, అందరూ సంతకాలు పెట్టిన బంతీ ఇచ్చారు. వాణ్ణి ఊరిదాకా దిగబెట్టడానికి ఇన్నాసి వచ్చాడు. ఇరవై నలుగురూ ఫాదరూ గేటుదాకా నడిచారు, నేను ఆరోగ్యమ్మ చేతిలో ఉన్నాను. గేటు దగ్గర ఇన్నాసి ఆగిపోయాడు. వెనక్కి తిరిగి ఆ భవనాన్ని కళ్ళారా చూసుకున్నాడు. "పోయొస్తాం ఫాదరుగారా," అని పిల్లవాడి చెయ్యి పట్టుకుని ముందు గేటులోంచి రోడ్డెక్కాడు. ఆ మాట అనడానికి ఆయనకు యాభై ఏళ్ళు పట్టింది.

పండుగనాడు వికార్ ఫాదర్ వచ్చారు. మంచి మనిషే, కానీ లెక్క లెక్కే. భోజనాల దగ్గర కాగితం తీసి, "ఎంతమంది?" అన్నారు.

"ఇరవై నాలుగు," అన్నారు ఫాదర్ సిలువరాజు. ఇంకేమీ సర్దిచెప్పలేదు.

వికార్ ఫాదర్ ఆ అంకె వేస్తుండగా గుమ్మంలో ఒకామె నిలబడింది. ప్రకాశ్ తల్లి. ఆమె వెనక ప్రకాశ్, వాడి పక్కన వాడికన్నా బెత్తెడు పొట్టి పిల్లవాడు ఒకడు, చంకలో చాపతో.

"సామీ, ఈడు మా రెండోవాడు. ఏడయింది, ఎనిమిదిలో ఉన్నాడు. పెద్దోడు ఇంటికొచ్చిన కాణ్ణుంచి ఇక్కడి సంగతులే. వీడు నేను పోతా నేను పోతా అని ఒకటే గోల. చేర్చుకోండి."

వికార్ ఫాదర్ కలం ఆపారు. "అమ్మా, మీ పెద్దవాడు ఇంటికొచ్చేశాడంటున్నావు కదా. వీడు కూడా ఉండలేక వచ్చేస్తే?"

ఆమె కొడుకు తల నిమిరి, ఏమీ తడుముకోకుండా చెప్పింది. "వస్తే వస్తాడు లెండి సామీ. అన్నం తినే వస్తాడు గదా."

వికార్ ఫాదర్ ఇరవై నాలుగు కొట్టేసి, పక్కన ఇరవై ఐదు వేశారు.