ఎడమది నాది, కుడిది ధరణిది

ఒక్క జత ఇయర్‌ఫోన్లు చేయించుకుని, ఎడమదానికి ఒకరి చెవి, కుడిదానికి ఇంకొకరి చెవి కొలత ఇచ్చిన తెలివిగలవాళ్ళు ఈ భూమ్మీద మేమిద్దరమే అయ్యుంటాం. ఎడమది నాది. కుడిది ధరణిది. అప్పట్లో అది మాకు గొప్ప ఆలోచనలా కనిపించింది. ఇప్పుడు తలుచుకుంటే నాకు నేనే రెండు తగిలించుకోవాలనిపిస్తుంది.

అవి బజారులో దొరికే రకం కాదు. చెవిలో మెత్తటి ముద్ద నింపి, గట్టిపడ్డాక బయటికి తీసి, ఆ అచ్చును విదేశంలో ఉన్న ల్యాబుకు పంపాలి. వాళ్ళు మన చెవి లోపలి వంపులన్నీ దించి ఇయర్‌ఫోన్ చేసి పంపుతారు. ఒకరి కోసం చేసింది ఇంకొకరి చెవిలో కూర్చోదు. ధరణి వాటి గురించి మాట్లాడటం మొదలుపెడితే మెస్సులో అందరూ తిని లేచిపోయేవాళ్ళు, తన ప్లేటులో అన్నం అలాగే ఉండేది.

నేను మా ఊరి ఆడవాళ్ళు కలుపు తీస్తూ పాడే పాటల మీద పరిశోధన చేస్తున్నాను. ముందు ఒకరు పాడితే మిగతావాళ్ళు వంత అందుకుంటారు. ముందు పాడేది మా నానమ్మ బుచ్చవ్వ. ధరణి చదివేది ఫిజిక్సు, పిచ్చి మాత్రం శబ్దాల మీద. తనే మా ఊరికి వచ్చి, ఒక మైకు బుచ్చవ్వ ముందు, ఇంకో మైకు వంతవాళ్ళ ముందు పెట్టి రికార్డు చేసింది. వింటే ఎడమ చెవిలో బుచ్చవ్వ, కుడి చెవిలో వంత. రెండూ కలిస్తేనే పాట.

మామూలు ఇయర్‌ఫోన్లలో బుచ్చవ్వ రేకు డబ్బాలోంచి పాడుతున్నట్టుందని ధరణి గొణిగేది. ఇద్దరి ఫెలోషిప్పులూ కలిపినా ఒక జతకే సరిపోయింది. నీ చెవికంటే నీ చెవికని కొట్లాడుకుని, చివరికి చెరొకటి అనుకున్నాం.

తార్నాకలో వినికిడి పరీక్షలు చేసే వెంకటరమణమ్మగారు మా మాట విని కళ్ళజోడు తీసేశారు.

"చెరొక చెవా? చెప్పులు కూడా ఇలాగే కొంటారా అమ్మా మీరు?"

"చెప్పులైతే దీని పాదం పెద్దదండీ," అంది ధరణి.

"ముందు నువ్వు కూర్చో. కదలకూడదు, మాట్లాడకూడదు."

"మాట్లాడొద్దంటే అది బతకదు మేడం," అన్నాను నేను. నవ్వు ఆపుకోలేక ధరణి కదిలింది. అచ్చు చెడిపోయింది. రెండోసారి పోస్తూ ఆవిడ నన్ను గది బయట నిలబెట్టారు.

పార్సిల్ వచ్చిన రోజు యూనివర్సిటీ లైబ్రరీ మెట్ల మీద కూర్చున్నాం. తీగ పొట్టిది కాబట్టి నా ఎడమ చెవి, తన కుడి చెవి దగ్గరగా ఉండాలి. అంటే తను ఎప్పుడూ నాకు ఎడమ పక్కనే కూర్చోవాలి. నా చెవిలో దాన్ని కాస్త మెలిపెట్టి తనే తొడిగింది. బుచ్చవ్వ నా చెవిలో ఊపిరి తీసుకుంది. తుమ్మబోయి ఆపుకోవడం కూడా వినిపించింది.

"ఎటువోతివే పిట్టా, ఎటువోతివే?" అని బుచ్చవ్వ నన్ను అడిగింది. "ఏడికీ వోలేదు, ఈడనే ఉన్న," అని వంతవాళ్ళు ధరణికి జవాబు చెప్పారు. నేను వింటున్నది తనకు వినబడటం లేదు, తను వింటున్నది నాకు లేదు. అయినా పాట ఎక్కడా విరగలేదు, ఎందుకంటే ధరణి వేళ్ళతో నా మోకాలి మీద తాళం వేస్తూనే ఉంది. నా జన్మలో అంత సంతోషం మళ్ళీ ఎరగను.

ఆ చలికాలంలోనే ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం క్యాంపస్‌ను ఊపేసింది. క్లాసులు లేవు, మెస్సులు సగం రోజులు బంద్. నేను వారాసిగూడలో ఒక బృందంతో పాట నేర్చుకుని స్టేజీ ఎక్కేదాన్ని. ధరణి వాళ్ళది కాకినాడ వైపు కుటుంబం. తార్నాకలో అద్దెకు ఉంటున్నారు. వాళ్ళమ్మ చిట్టెమ్మగారు నాకు వారానికి ఒకసారైనా అన్నం పెట్టకపోతే ఊరుకునేవారు కాదు. వాళ్ళ నాన్న సూర్యనారాయణగారు మాత్రం ఒకరోజు పప్పు వడ్డించుకుంటూ అడిగారు.

"ఏమ్మా కరుణా, పొద్దున మమ్మల్ని పొమ్మని పాడావు. సాయంత్రం మా ఇంటికి భోజనానికి వచ్చావు. ఏది నిజం?"

"రెండూ నిజమే అంకుల్. మా నీళ్ళు, మా కొలువులు మాగ్గావాలె. మిమ్మల్ని ఎవరు పొమ్మన్నరు?" అన్నాను.

ఆయన నవ్వారు కానీ పప్పు తినలేదు. ధరణి బల్ల కింద నా కాలు తొక్కింది.

సంక్రాంతి వెళ్ళాక బుచ్చవ్వ పోయింది. ఫిబ్రవరిలో ఒక సాయంత్రం ఊరేగింపు. ఆ రోజు పోవద్దని ధరణి హాస్టల్ గేటు దగ్గర నా చున్నీ పట్టుకుని మరీ ఆపింది.

"గొడవయ్యేలా ఉందే. నీ ఒక్క పాట లేకపోతే ఊరేగింపు ఆగిపోదు."

"ఆగది. గానీ నేను పోత," అని చున్నీ లాక్కుని వెళ్ళాను.

ఆర్ట్స్ కాలేజీ రోడ్డు మీద తోపులాట మొదలైంది, పొగ కమ్ముకుంది, నా ఎడమ పక్కన ఏదో పేలింది. ఎవరు విసిరారో, ఏం విసిరారో నాకు ఈనాటికీ తెలియదు. ఒంటి మీద గీత కూడా పడలేదు. చెవిలో మాత్రం ఈల మొదలైంది. ఆ ఈల తగ్గాక దాని వెనుక ఇంకేమీ మిగల్లేదు.

వెంకటరమణమ్మగారి దగ్గరికి ఒక్కదాన్నే వెళ్ళాను. ఆవిడ అన్ని పరీక్షలూ చేసి, "నరం దెబ్బతిందమ్మా. ఈ చెవికి మిషన్ పెట్టినా లాభం లేదు," అన్నారు. నేను లేచి వస్తుంటే గుమ్మం దాకా వచ్చి, "ధరణికి చెప్పు. దాచకు," అన్నారు. చెప్పాలనే క్యాంపస్‌కి నడిచాను.

లైబ్రరీ మెట్ల మీద ధరణి నా కోసం ఎదురుచూస్తోంది. నన్ను చూడగానే, నేను నోరు తెరవకముందే, ఎడమ పక్కకు వచ్చి కూర్చుని ఇయర్‌ఫోన్‌ను నా చెవిలో తొడిగింది. బుచ్చవ్వ పాటలోంచి గాలి చప్పుడంతా తీసేసి శుభ్రం చేసిందట. ఎన్నాళ్ళు కూర్చుందో ఏమో, కళ్ళు పీక్కుపోయి ఉన్నాయి. మీట నొక్కి నా ముందుకు వంగి, నా ముఖంలోకి చూస్తూ అడిగింది.

"ముసలామె ఊపిరి వినిపిస్తోందా? పక్కనే కూర్చున్నట్టు లేదూ?"

నా చెవిలో చల్లటి ప్లాస్టిక్ ముక్క తప్ప ఏమీ లేదు. బుచ్చవ్వ లేదు. నాకు ఏడుపు వచ్చింది. ధరణి అది చూసి, పాట విని ఏడుస్తున్నాననుకుని తనూ ఏడ్చింది. నేను తల ఊపాను.

ఎందుకు చెప్పలేదని నన్ను అడగకండి, ఒక కారణమైతే చెప్పేదాన్ని. పోవద్దని చున్నీ పట్టుకున్న మనిషి ముందు ఓడిపోవడం ఇష్టం లేదు. తెలిస్తే బృందంలో నన్ను పక్కన కూర్చోబెడతారు. అన్నిటికీ మించి, ఆ జతలో నా సగం చచ్చిపోయిందని ధరణి ముఖం మీద ఎలా అనాలో తెలియలేదు. ఇవాళ కాదు రేపు అనుకున్నాను. రేపు కూడా తను పాట పెట్టింది, నేను తన వేళ్ళ తాళం చూసి తల ఊపాను. అలా ఏడాది గడిచింది.

నెమ్మదిగా ఉన్న చోట పర్వాలేదు, కుడి చెవి సాయం వస్తుంది. గోల ఉన్న చోట ఎడమ పక్కన మనిషి మాట్లాడుతున్నట్టే తెలియదు. ఆ రోజుల్లో క్యాంపస్‌లో గోల లేని చోటు ఎక్కడ? ధరణి ఏదో అనేది, నేను పలికేదాన్ని కాదు. కాసేపటికి తన ముఖం వాడిపోయి ఉండేది.

"పిలిచాను కదే."

"ఏదో సోంచాయిస్తున్న. ఏందో చెప్పు."

"ఏం లేదులే."

కుడి పక్కకు రమ్మని గట్టిగా అంటే ఎందుకని అడుగుతుందని భయం. తను నవ్వుతూ, "నా సీటు ఇదే," అని ఎడమ పక్కనే కూర్చునేది. రాను రాను ఆ నవ్వు కూడా తగ్గింది.

ఏడాది తిరిగాక వచ్చిన వేసవిలో సూర్యనారాయణగారు కాకినాడకు బదిలీ చేయించుకున్నారు. ఇల్లు ఖాళీ చేస్తున్నారు. ధరణి చదువు ఇంకా మిగిలి ఉంది. ఉండాలా, అక్కడికే మార్చుకుని వెళ్ళాలా అన్నది తన చేతుల్లోనే ఉంది. ఉంటుందనే నా నమ్మకం. అడక్కుండానే సీతాఫల్‌మండిలో ఇద్దరికీ సరిపోయే గది చూశాను, తాళంచెవి కూడా తీసుకున్నాను. కిటికీ తెరిస్తే రైలు పట్టాలు కనబడతాయి. గది చూపించి, అక్కడ నెమ్మదిగా కూర్చోబెట్టి చెవి సంగతి కూడా చెప్పేయాలనుకున్నాను. తిట్టినా సరే, కొట్టినా సరే.

ఆర్ట్స్ కాలేజీ ఎదురుగా చెట్ల కింద కూర్చున్నాం. నా కుడి వైపు దగ్గర్లోనే స్టేజీ, డప్పులు మోగుతున్నాయి. ధరణి బుచ్చవ్వ పాటే పెట్టింది. అది అయ్యాక తాళంచెవి తీసి తన చేతిలో పెడదామని నేను గుప్పిట్లో పట్టుకుని కూర్చున్నాను. తన వేళ్ళు మోకాలి మీద కదులుతున్నాయి. నేను వాటినే చూస్తూ తల ఊపుతున్నాను. ఉన్నట్టుండి ఆ వేళ్ళు ఆగిపోయాయి. పాట అయిపోయిందేమో అనుకున్నాను. ఇంకోసారి తల ఊపి, బాగుందన్నట్టు నవ్వాను.

ధరణి లేచి నా ఎదురుగా నిలబడింది. నా చెవిలోంచి దాన్ని జాగ్రత్తగా తీసి, తన దాంతో కలిపి పెట్టెలో పెట్టుకుంది.

"సరే అయితే," అంది. "అమ్మ ఎదురుచూస్తూ ఉంటుంది."

"ఆగు, నీకొకటి చూపియ్యాలె," అన్నాను. అప్పటికే తను వెళ్ళిపోతోంది. స్టేజీ మీద నా పేరు పిలిచారు. రేపు చూపిద్దాంలే అనుకుని పాడటానికి వెళ్ళాను.

తర్వాత ఎన్ని సార్లు ఫోన్ చేసినా ఎత్తలేదు. సామాన్లు సర్దుకుంటోంది కాబోలనుకున్నాను. సాయం చేద్దామని ఆదివారం తార్నాక వెళ్ళేసరికి వాకిట్లో లారీ ఉంది. చిట్టెమ్మగారు ఖాళీ ఇంట్లో ఒక్కరే చీపురు పట్టుకుని నిలబడి ఉన్నారు.

"అదీ, వాళ్ళ నాన్నా పొద్దున బండికి వెళ్ళిపోయారమ్మా," అన్నారు. ఇంతకు ముందులా లోపలికి రమ్మనలేదు. కిటికీలో ఉన్న పెట్టె తీసి నాకిచ్చారు. "ఇది నీకిమ్మంది."

"ధరణి కూడా పోయిందా? ఉంటది కదా ఆంటీ, గది సూసిన," అన్నాను.

ఆవిడ చీపురు గోడకు ఆనించారు. కళ్ళలో నీళ్ళు.

"ఉండాలనే ఉందమ్మా దానికి. వాళ్ళ నాన్నతో పోట్లాడింది కూడా. కరుణ ఒక్కమాట ఉండమంటే ఉంటానంది. అడగడానికే కదా ఆ రోజు నీ దగ్గరికి వచ్చింది. 'నేను కూడా వెళ్ళిపోతే నీకు నయమా' అని అడిగితే తల ఊపావట. ఊపి నవ్వావట. అంత మాట నోటితోనైనా అనకపోతివా తల్లీ."

నా నంబరు చూస్తే ఎత్తదని, వీధి మలుపులోని కొట్టు ఫోన్ నుంచి ధరణికి చేశాను. కుడి చెవికి ఆనించుకుని, తను హలో అనగానే చెప్పేశాను. పోయిన ఏడాది ఫిబ్రవరి నుంచి నా ఎడమ చెవి లేదని, తను అడిగింది నాకు వినబడలేదని, నా గుప్పిట్లో తాళంచెవి ఉందని, నువ్వెప్పుడూ ఎడమ పక్కనే కూసుంటివి కదనే అని. ఏం చెప్పానో నాకే తెలియదు. అవతల రైలు చప్పుడు వినిపించింది.

"నేను ఆంధ్రా పిల్లనని పలకడం లేదనుకున్నాను," అంది ధరణి మెల్లగా.

"నీ మీద ఒట్టు, గట్ల కాదే."

"అయితే ఆ పాటలు?"

"ఏ పాటలు?"

"ఏడాదంతా మనం కలిసి విన్నవి. బుచ్చవ్వవి. అవన్నీ నేనొక్కదాన్నే విన్నానా?"

తనకు కనబడదని తెలిసీ తల ఊపాను.

"పొమ్మన్నావనుకున్నప్పుడు కూడా ఇంత బాధ లేదు కరుణా. పొమ్మంటే పొమ్మంది, నాకు అబద్ధం మాత్రం చెప్పలేదు అనుకున్నాను. ఇంక చేయకు."

మళ్ళీ చేశాను. చాలా రోజులు చేశాను. ఆ తర్వాత ఆ నంబరు పని చేయడం మానేసింది.

సీతాఫల్‌మండి గదిలో ఒక్కదాన్నే దిగాను. ఒక మధ్యాహ్నం పెట్టె తీశాను. నా ఎడమది నా ఎడమ చెవిలో ఇప్పటికీ ఎంత చక్కగా కూర్చుంటుందో. అది అలా కూర్చున్నందుకే నాకు ఒళ్ళు మండింది, తీసి మంచం మీదికి విసిరేశాను. ధరణిది తీసుకున్నాను. తన చెవి నా దానికంటే చిన్నది, లోపలి మలుపు వేరు. నా కుడి చెవిలోకి అది పోదు. అయినా వేలితో అదిమి పట్టుకుని పాట పెట్టాను.

మొదట ఏమీ లేదు. బుచ్చవ్వ అడిగే చోటు ఖాళీగా ఉంది. తర్వాత ఆడవాళ్ళంతా ఒక్కసారి అందుకున్నారు. "ఏడికీ వోలేదు, ఈడనే ఉన్న." మళ్ళీ ఖాళీ. మళ్ళీ "ఈడనే ఉన్న". ఏడాది పాటు నా పక్కన కూర్చుని ధరణి వింటూ వచ్చింది ఇదేనని అప్పుడు తెలిసింది.

చెవి కోసుకుపోతున్నంత నొప్పి పుట్టింది. పాట అయిపోయేదాకా వేలు తీయలేదు.