రెండు డిష్‌లలోనూ ఒకటే వెలుగు

లేనిదాన్ని చూపించడం చేతకాని సూక్ష్మదర్శినిని నేను. జపాన్‌లో నా కటకాలు అరగదీసినవాళ్లు నేర్పిన విద్య అదొక్కటే. విశాఖపట్నంలోని ఒక విశ్వవిద్యాలయంలో మొదట చేపల మీద పరిశోధన చేసే పెద్దాయన దగ్గర ఉన్నాను. ఆయన రిటైరయ్యాక హైమవతి చేతికి వచ్చాను. శ్రీకాకుళం పిల్ల, పిహెచ్.డి. చేస్తోంది.

కాలేయ కణానికీ లోపల ఒక అస్థిపంజరం ఉంటుంది. ఎముకలు కావు, సన్నటి ప్రోటీన్ దారాలు. ఇన్సులిన్ తగిలితే ఆ దారాలు కణం అంచున దట్టంగా అల్లుకుంటాయని హైమవతి నమ్మకం. ఒక డిష్‌లో పెంచిన ఎలుక కాలేయ కణాలకు ఇన్సులిన్ ఇచ్చేది, రెండోదానికి ఇచ్చేది కాదు. దారాలకు మెరిసే రంగు పట్టించి నా కింద పెట్టేది. రెండింటిలోనూ అంచులు ఒకేలా వెలిగేవి. నెలల తరబడి ఇదే వరస.

గైడు గోవర్ధనరావుగారు విసుక్కున్నారు. "నీ చెయ్యి కుదురుగా లేదమ్మా. లేదా ఈ డొక్కుదానికి చూపు పోయింది. ఈ టాపిక్ వదిలెయ్."

"ఇన్నాళ్లు చేసి ఎలా వదిలేస్తానండీ?" అంది హైమవతి. ఆయన అప్పటికే గుమ్మం దాటారు.

నాకు ఒళ్లు మండిపోయింది. అంచులు నిజంగానే ఒకేలా ఉన్నాయి, ఎందుకున్నాయో ఆలోచించరేం? అరుద్దామంటే నోరు లేదు.

పక్క బల్ల దగ్గర పనిచేసే ముస్తరీతో హైమవతి గోడు వెళ్లబోసుకుంది. "ఇన్సులిన్ ఇవ్వని కణాలు కూడా అది తాగినట్టే ఉన్నాయే!"

"వాటికి తిండేం పెడతన్నావే?"

"దూడ రక్తం నుంచి తీసిన సీరం..." అంటూ ఆగిపోయింది. దూడ రక్తంలో ఇన్సులిన్‌లాంటి దూడ హార్మోన్లు ఉండవూ!

ఈసారి కణాలను ముందు సీరం లేకుండా పస్తుంచింది. ఇన్సులిన్ ఇవ్వని డిష్‌లో దారాలు పలచబడి చెదిరిపోయాయి. ఇచ్చినదానిలో ప్రతి కణం అంచునా మందంగా వెలిగాయి. ఆమె ఏడుస్తూ చూస్తూనే ఉండిపోయింది. నా కంటి కటకం తడిసింది.

ఆ ఫలితం పైవాళ్లకు చూపించి గోవర్ధనరావుగారు కొత్త యంత్రం తెప్పించారు. నన్ను స్టోరుగదికి మోయిస్తూ, కొత్తదాన్ని చూడవచ్చిన అతిథులతో అన్నారు: "ఈ పాతదాంట్లో ఏమీ కనపడేది కాదండీ."

"కనపడేది సార్," అంది హైమవతి. "మనమే నమ్మలేదు."

ఆయన అప్పటికే అతిథులకు కొత్త యంత్రం మీటలు చూపిస్తున్నారు. నా మీద ప్లాస్టిక్ కవరు కప్పి తలుపు మూసేశారు.