ఏడో నంబరు పెగ్గు

ఆ డబ్బాల ఫ్యాక్టరీలో పొద్దున ఏడింటికే అందరూ పెగ్గు వేసేవాళ్ళు. కంగారు పడకండి, గొంతులో కాదు, మిషనులో! ప్రెస్సు మిషనుకి రెండు బొత్తాలుంటాయి, చేతికొకటి చొప్పున. రెండూ ఒకేసారి నొక్కితేనే పైనున్న ఇనుప దిమ్మ దిగుతుంది. చేతులు రెండూ బొత్తాల మీదుంటే దిమ్మ కింద ఉండవు కదా, అదీ అందులోని తెలివి. ఎడమ బొత్తాం సందులో చిన్న చెక్కముక్క బిగించారనుకోండి, అది ఎప్పుడూ నొక్కే ఉంటుంది. ఖాళీ అయిన ఎడమచెయ్యి రేకు సర్దుతుంది, గంటకి వంద మూతలు ఎక్కువ పడతాయి. ఆ చెక్కముక్కే పెగ్గు. కొత్తగా చేరినవాడికి సూపర్‌వైజరు చేతి తొడుగులతో పాటు మిషను నంబరు రాసిన పెగ్గు కూడా ఇచ్చేవాడు.

ఏడో నంబరు మిషను బావది. బావమరిది అదే షెడ్డులో పనిచేస్తూ "బావా, బావా" అనడంతో షెడ్డంతటికీ బావైపోయాడు. మనిషి నోరు విప్పితే నవ్వే. "ప్రెస్సులో పనంటే పత్రికాఫీసనుకుని మావయ్య పిల్లనిచ్చేశాడు" అని పెళ్ళాం ఎదుటే అనేవాడు. ఆవిడ గరిటె ఎత్తేది.

మూడు వారాల కిందట రేకు ఇరుక్కుంది. తీద్దామని ఎడమచెయ్యి లోపలికెళ్ళింది. కుడిచెయ్యి, పద్దెనిమిదేళ్ళ అలవాటు, నొక్కేసింది. నెలకిన్ని వేలు తెద్దామని వెళ్ళినవాడు రెండు వేళ్ళు వదిలేసి ఇంటికొచ్చాడు.

అప్పటినుంచీ బావ నోట ఒక్క జోకు లేదు. రోజూ కట్టు మార్చేటప్పుడు గోడవైపు తిరిగిపోతాడు. ఒకరోజు భార్య కావాలనే ముదురు పసుపు చీర కట్టుకుని ఎదురుగా నిలబడింది. "ఏవండీ, ఏదో ఒకటి అనండి."

"బాగుంది" అన్నాడు.

పదిహేడేళ్ళ కాపురంలో ఆయన ఏ చీరనీ బాగుందన్న పాపాన పోలేదు. ఆవిడ వంటింట్లోకెళ్ళి కొంగుతో నోరు నొక్కుకుంది.

శుక్రవారం మధ్యాహ్నం ఆఫీసు గుమాస్తా ఓ కాగితం పట్టుకొచ్చాడు. "నా సొంత నిర్లక్ష్యం వల్లే జరిగింది, కంపెనీ తప్పేమీ లేదు" అని టైపు చేసి ఉంది. "సంతకం పెట్టు బావా, గేటు దగ్గర వాచ్‌మన్ పని ఇస్తారట. పెట్టకపోతే ఏ పనీ ఇవ్వరట. సాయంత్రం వచ్చి పట్టుకెళ్తా."

అతను వెళ్ళాక బావ కాగితం రెండుసార్లు చదివాడు. "రాసింది నిజమేగా. పెగ్గు బిగించింది నేనే, నొక్కింది నేనే. చేజేతులా చేసుకున్నదానికి ఎవర్నంటాం?"

"పెగ్గు మీరు చెక్కారా?"

"ఇచ్చారు. వద్దనొచ్చుగా? అన్నిటికీ తెరిచే నోరు, దానికి తెరవలేదే."

"నేను యూనియన్ ఆఫీసుకెళ్ళి అడిగొచ్చాను. మన పొరపాటున్నా సరే, పనిలో దెబ్బ తగిలితే వైద్యం, పరిహారం మన హక్కేనట."

"హక్కా! పొరపాటు చేసినవాడికి హక్కేంటే..." అంటూ పెన్ను మూత పళ్ళతో లాగాడు.

అంతలో బావమరిది డ్యూటీ దిగి నేరుగా వచ్చాడు, చొక్కా నిండా గ్రీజుతో. "బావా, నీ గద్దె నాకిచ్చారు! ఇవాళ్టి నుంచి ఏడో నంబరు నాదే."

పెన్ను ఆగింది. "పెగ్గు?"

"నీదే బావా. కడిగి ఇచ్చారు."

అనేశాక గానీ ఏమన్నాడో అతనికే తెలియలేదు. తల దించుకున్నాడు. అక్క గోడకి ఆనుకుంది.

"ఏదీ, చేతులిలా పెట్టు" అన్నాడు బావ. బావమరిది మంచం మీద రెండు చేతులూ పరిచాడు. బావ ఒక్కొక్క వేలూ పట్టుకుని చూశాడు, గోళ్ళ సందుల్లో గ్రీజుతో సహా. పదీ చూశాడు. తరవాత గుమాస్తా కాగితం పక్కకి నెట్టి తెల్లకాగితం అడిగాడు.

"పెగ్గు నేనే బిగించాను. ఇచ్చింది సూపర్‌వైజరు. పదకొండు మిషన్లకీ నంబర్లేసిన పదకొండు పెగ్గులున్నాయి. నాది ఇప్పుడు మా బావమరిది చేతిలో ఉంది. ముందు వాటిని తీయించండి, తరవాత నా వేళ్ళ సంగతి చూడండి." పైన 'కార్మిక శాఖ అధికారి గారికి' అని రాసి సంతకం పెట్టాడు.

"బావా, వాచ్‌మన్ పని పోతుంది!"

"పోనీరా. పద్దెనిమిదేళ్ళు 'తొందరగా చెయ్యి, తొందరగా చెయ్యి' అన్నారు. చెయ్యే ఇచ్చాను. ఇంకేమివ్వమంటావ్?"

భార్య ఫక్కున నవ్వి, అదే ఊపున ఏడ్చేసింది. "చాల్లెండి, మీ దిక్కుమాలిన జోకూ మీరూ!"

"సాక్షి కావాలి. నువ్వు సంతకం పెట్టకపోయినా ఏమీ అనుకోనురా. రేపు మాత్రం దాన్ని బిగించకు" అన్నాడు బావ.

బావమరిది కాగితం వైపు చూశాడు. ఇల్లు, ఉద్యోగం, చిన్నపిల్ల అన్నీ కళ్ళలో తిరిగాయి. "ఎలాగూ రేపు బిగించకపోతే ఎల్లుండి తీసేస్తారు" అని గొణిగి, పెన్ను తీసుకుని సంతకం చేశాడు.

"నేనూ పెడతా, ఇలా ఇవ్వండి" అంది ఆవిడ.

"నువ్వేం చూశావే?"

"మూడు వారాలుగా చూస్తూనే ఉన్నాను."

బావ కాగితం కదలకుండా కట్టు కట్టిన చేత్తోనే అదిమి పట్టుకున్నాడు. ఆవిడ తన పేరు పూర్తిగా, ఇంటిపేరుతో సహా, నెమ్మదిగా రాసింది.