తెల్లమద్ది డబ్బా

పెద్దన్న నవ్వినప్పుడు పళ్ళ సందుల్లో ఎరుపు కనిపించింది. వక్కాకు నమిలాడేమో అనుకున్నాను. అతడికి ఆ అలవాటు లేదని మరుక్షణం గుర్తుకు వచ్చింది.

గిద్దలూరులో దస్తగిరి ఇస్త్రీ దుకాణంలో కూర్చున్నాం. నేను భౌతికశాస్త్రం బోధించి పదవీ విరమణ చేసినవాణ్ణి. బట్టల కోసం వెళ్ళి కబుర్లకు ఆగిపోవడం మామూలే. రాచర్ల దగ్గర గొర్రెలు మేపుకునే పెద్దన్న, దస్తగిరికి తెల్లమద్ది బెరడు తెచ్చి ఇస్తుంటాడు. రోజంతా నిలబడి పనిచేసే దస్తగిరికి కాళ్ళలో సిరలు ఉబ్బేవి. మావాళ్ళు వాటిని నరాలంటారు. నాలుగు నెలల క్రితం లోపలి సిరలో రక్తం గడ్డకట్టింది. రక్తం గడ్డకట్టకుండా డాక్టరు మాత్రలు రాస్తే, ఇంగ్లీషు మందు పడదని అతడు వాటిని ముట్టలేదు. బెరడు పొడి మొదలుపెట్టాడు.

అతడి భార్య ఫాతిమాబీ మా ఇంటికి వచ్చి ఏడ్చింది. అతడితో వాదించి గెలవలేనని తెలిసి, నేనే ఉపాయం చెప్పాను. ఏ పూట మాత్ర ఆ పూట నూరి, అతడు తాగే చెంచాడు పొడిలో కలపమన్నాను. మోసమే, ప్రాణం నిలబడుతుంది కదా అనుకున్నాను. వాపు దిగింది. దస్తగిరి దాన్ని బెరడు గుణమన్నాడు. నేను కాదనలేదు.

"నా కాళ్ళ నరాలకు అదే బెరడు మా ఇంట్ల మూడేండ్లు తాగినా మామా, ఏం గుణం లే," అన్నాడు పెద్దన్న దస్తగిరితో. "నువ్విచ్చిన పొట్లం తాగినాక పది దినాలకే కాళ్ళు తేలికైనాయి. నీ చేతి గుణం."

దస్తగిరి ఇస్త్రీ పెట్టె ఆపకుండానే నావైపు చూశాడు. "ఇన్నారా సారూ? మీ సైన్సు ఏమంటది?"

నేను పెద్దన్నను మళ్ళీ పరిశీలనగా చూశాను. అతడి మోకాలి కింద అరచేతి వెడల్పున నల్లగా కమిలి ఉంది. గొర్రె కొమ్ము కాస్త తగిలిందట. పొద్దున గడ్డం గీసుకున్న గాటు మీద దూది మధ్యాహ్నానికి కూడా రక్తంతో తడిగానే ఉంది. పళ్ళ సందుల్లో కనిపించిన ఎరుపూ రక్తమే.

పక్కనే ఉన్న ఫాతిమాబీ వైపు తిరిగాను. మడతపెడుతున్న చొక్కా ఆమె చేతిలోనే ఆగిపోయింది. ఎలా కలుపుతున్నావని మెల్లగా అడిగాను. పూటపూటా నూరుతుంటే భర్తకు అనుమానం వస్తోందని, నెలకు సరిపడా మాత్రలు ఒకేసారి నూరి బెరడు పొడి డబ్బాలో కలిపేశానంది. ఆ డబ్బాలోంచే దస్తగిరి పెద్దన్నకు పొట్లం కట్టి ఇచ్చాడు. ఏ చెంచాలో ఎంత మందు పడిందో ఇక ఎవరూ చెప్పలేరు.

నిజం చెబితే దస్తగిరి ఇక ఏ మందూ ముట్టకపోవచ్చు. చెప్పకపోతే పెద్దన్న రాత్రికి మరో చెంచా తాగుతాడు. ఉపాయం నాదేనన్న సంగతితో సహా అంతా చెప్పేశాను.

దస్తగిరి పెట్టెను నిలబెట్టాడు. "నాలుగు నెలలా?" అని భార్యను అడిగాడు. ఆమె తల ఊపింది. మళ్ళీ ఆమె వైపు చూడకుండా, ఆ పొడి ఇంకెవరైనా తాగారా అని పెద్దన్నను అడిగాడు. దొనకొండలో ఉన్న తన అక్క శ్రీశైలమ్మకు సగం పంపానని పెద్దన్న చెప్పాడు.

దస్తగిరే ఫోను చేసి, అందరికీ వినపడేలా పెట్టి, సారు తాగొద్దంటున్నాడని ఆమెకు చెప్పాడు.

"సారు ఆకులన్నీ వట్టివనే అంటాడు గద తమ్ముడా, ఎప్పుడూ ఉండేదే," అంది శ్రీశైలమ్మ. "నాకు నప్పింది. నేను మాన."

ఫాతిమాబీ ఫోను తీసుకుంది. "అక్కా, ఇది సారు మాట కాదు. నేనే ఈ చేతులతో మాత్రలు నూరి కలిపినా. మా ఆయనకు గూడ తెలీదు. తాగొద్దక్కా."



"నిన్నటి నుంచి విరేచనం తారు మాదిరి నల్లగా అయితా ఉంది," అంది శ్రీశైలమ్మ. "లోపలి చెడంతా మందు తోసేస్తా ఉందనుకున్నా. అందుకే ఇయ్యాల రెండు చెంచాలు తాగినా."

కడుపులో రక్తం పోతే అలా అవుతుందని నాకు తెలుసు. పక్కింటివాళ్ళను పిలిచి ఇప్పుడే ఆసుపత్రికి పోవాలని దస్తగిరి ఫోనులో బతిమాలుతున్నాడు. ఫాతిమాబీ మాత్రల అట్ట తెచ్చి, పెద్దన్నను చూసే డాక్టరుకు చూపమని నా చేతిలో పెట్టింది. పెద్దన్నను ఆసుపత్రికి తీసుకెళ్ళడానికి పిలిచిన ఆటో బయట వచ్చి ఆగింది. అట్ట జేబులో పెట్టుకుని లేవబోయాను. నన్ను లేపడానికి పెద్దన్నే చెయ్యి అందించాడు.