వదినగారి వేళ్ళ కొలత

ముప్పై ఏళ్ళు బట్టలు కత్తిరించిన బల్ల మీద ఇప్పుడు టైలరమ్మ కారు ఇంజను విప్పి పరిచింది. నీళ్ళతో పని లేకుండా గాలికే చల్లబడే పాతకాలపు ఇంజను. మెకానిక్కులంతా పెదవి విరిచేసరికి, విప్పింది తనే బిగించుకుంటానని ముందుగదిలోనే కూర్చుంది.

కొలతలకు మాత్రం మరిదిని పిలవక తప్పలేదు. టెక్నికల్ స్కూల్లో డ్రాయింగ్ చెప్పి రిటైరైన ఆయన్ను వీధంతా వెంట్రుకవాసి మేష్టారంటుంది. వెంట్రుక మందం కూడా కొలిచే ఆయన మైక్రోమీటరు మఖమల్ పెట్టెలో పడుకుంటుంది. ఇంకొకరు ముట్టుకుంటే ఆయనకు ఒళ్ళు మండుతుంది.

ఆరోజు పని ఇంజను నడుమ తిరిగే ఇరుసుది, క్రాంక్ షాఫ్టుది. అది ముందుకీ వెనక్కీ కదలడానికి మిల్లీమీటరులో పది వందో వంతులు చోటుండాలి. పదమూడు దాటితే ఇంజను కొట్టుకుంటుంది. ఆ చోటును దాని చివరుండే బరువు చక్రం, ఫ్లైవీలు వెనక మూడు పలచటి ఉక్కు రింగులు పెట్టి సరిచేస్తారు. రెండు పెట్టి డయల్ గేజితో చూస్తే నలభైనాలుగొచ్చింది.

"అంటే మూడోది ముప్పైనాలుగుండాలి," అన్నాడు మేష్టారు, మఖమల్ పెట్టె తెరుస్తూ.

ఆ మూడోదాన్ని ఎంచుకోవడానికి సాసర్లో నూనె పూసిన రింగులు మూడున్నాయి. పొద్దున వాటిని కిరసనాయిల్లో కడిగేటప్పుడే టైలరమ్మ ఒక సంగతి కనిపెట్టింది. ఒక్కోదాని మీద దాని మందం సన్నగా చెక్కి ఉంది. శుక్లాలు తీయించుకుని ఆరునెలలైంది, ఆవిడ కళ్ళకు చీమ మీసాలు కూడా కనిపిస్తున్నాయి. మేష్టారికి రింగు ముఖం చూసే అలవాటు లేదు, ఆయన చూసేది మైక్రోమీటరు ముఖమే.

"దానికి ఆ పెట్టెందుకు మరిదీ? గుడ్డ పట్టుకుని నూలు నంబరు చెప్పిన వేళ్ళివి. తడిమి చెప్పేస్తాను."

"వందో వంతులు వేళ్ళకు తెలియవు వదినా."

"పందెం. ఓడినవాళ్ళు సిలిండర్ల రెక్కల్లో మట్టి తోమాలి, టూత్ బ్రష్షుతో."

నాలుగు సిలిండర్లు, ఒక్కోదానికి చుట్టూ గాలి తగిలి చల్లబడడానికి బోలెడు పలచటి రెక్కలు. నెల నుంచీ ఆవిడ వాటివైపు చూడకుండా తిరుగుతోంది. పేపరు చాటున భర్త గొంతు సవరించుకున్నాడు. ఆయనకు పొద్దుటి సంగతి తెలుసు.

టైలరమ్మ దాగుడుమూతల్లో పిల్లల్లా కళ్ళు మూసీ మూయకుండా మూసి, రింగుల్ని ఒక్కొక్కటే తడిమింది. "ఇది ముప్పై. ఇది ముప్పైనాలుగు. ఇది ముప్పైయారు."

మేష్టారు కొలిచాడు. ముప్పైనాలుగు, ముప్పైయెనిమిది, నలభై.

"మూడూ తప్పే," అన్నాడు ఎంతో మర్యాదగా. మొదటి రింగు తీసుకుని ఫ్లైవీలు దగ్గరికి వంగాడు.

టైలరమ్మ లెక్క వేసుకుంది. వాడిన రింగు అరుగుతుంది గానీ లావెక్కదు కదా. మూడింటికీ నాలుగేసి ఎక్కువొచ్చాయంటే తేడా రింగుల్లో లేదు. ఆ ముప్పైది పెడితే చోటు పద్నాలుగవుతుంది. నోరు విప్పితే దొంగతనం బయటపడుతుంది, విప్పకపోతే ఇంజను పోతుంది.

"ఒక్కసారి నీ మైక్రోమీటరుని ఉత్తినే మూసి చూడు," అంది.

మేష్టారు ముఖం గంటుపెట్టుకున్నాడు. అయినా మూశాడు. సున్నా ఉండాల్సినచోట నాలుగుంది. తెరిచి మళ్ళీ మూశాడు. మళ్ళీ నాలుగే.

"సున్నాలు వేసేటప్పుడు పెట్టె అలమార మీంచి పడింది," అన్నాడు చివరికి. "గోడలకు సున్నం వేసినప్పుడు," అని సర్దుకున్నాడు. తర్వాత మూడు కొలతల్లోంచీ నాలుగేసి తీసి చూసుకుని, వదిన వేళ్ళకేసి కొత్తగా చూసి, టూత్ బ్రష్షు అడిగి పుచ్చుకున్నాడు.

అసలైన ముప్పైనాలుగు రింగు పెడితే సరిగ్గా పదొచ్చింది. అక్కడితో అయిపోతే బాగుండేది. రెండు సిలిండర్లు తోమేలోపల మేష్టారు ఈ వింతను లేత్ షాపాయనకు ఫోన్లో చెప్పేశాడు. ఆయన నమ్మలేదు. ఆ వేళ్ళను పరీక్షించడానికి నాలుగింటికి తన షాపులో పలచటి రేకులు పట్టుకుని తనే వస్తానన్నాడు.

ఆ రేకుల మీద అంకెలెక్కడుంటాయి? టైలరమ్మ మూడున్నరకు సాసర్లో మిగిలిన రింగొకటి తెచ్చి, వెలుతురులో చూపించి, ఉన్నదంతా చెప్పేసింది.

మేష్టారు భూతద్దం పెట్టి చూశాడు. "నేనెన్ని రెక్కలు తోమానో తెలుసా వదినా?"

"సగం."

"మిగతా సగం నేను తోమను," అన్నాడు. కాస్త ఆలోచించి, "మీరూ తోమక్కర్లేదు," అన్నాడు.

లేత్ షాపాయన వచ్చాడు, అదే పందెం ఒప్పుకున్నాడు. మేష్టారు సున్నా సరిచేసిన మైక్రోమీటరుతో ఒక్కో రేకూ కొలిచి, కొలత కాగితం మీద రాసి మడిచి, రేకు వదినకిచ్చాడు. రెండు దగ్గులు దగ్గాడు. ఆగి, అయిదు దగ్గాడు.

"ఇరవై అయిదు," అంది టైలరమ్మ కళ్ళు మూసుకుని.

కాగితం విప్పి చూసి లేత్ షాపాయన కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. రెండో రేకు పంతొమ్మిది. మేష్టారు ఒకటి దగ్గి, తర్వాత తొమ్మిది దగ్గేసరికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"జలుబా మేష్టారూ?"

"కిరసనాయిలు పడదు నాకు."

ఈ దగ్గుల సంగతి తెలియని అన్నగారు కంగారుగా గ్లాసుతో నీళ్ళు తెచ్చి, తమ్ముడి వీపు నిమిరాడు. టైలరమ్మ పెదవి కొరుక్కుని "పంతొమ్మిది" అంది.

చీకటి పడేదాకా లేత్ షాపాయన రెక్కలు తోముతూనే ఉన్నాడు. మేష్టారు పక్కన కూర్చుని, మూలల్లో మట్టి మిగిలిందని వేలు పెట్టి చూపించాడు. ఆదివారానికి కారులోకి చేరిన ఇంజను ఒక్క తిప్పుకే అందుకుంది. ఎక్కడా కొట్టుకున్న చప్పుడు లేదు. మేష్టారు డయల్ గేజి జేబులో పెట్టుకుని ముందుసీట్లోకి ఎక్కాడు, అన్నగారు వెనక కూర్చున్నాడు. టైలరమ్మ కావాలనే లేత్ షాపు ముందునుంచి పోనిచ్చింది.