అందరి మెసేజులూ ఒకే నంబరుకి

ఆ ఇంట్లో సాయినాథ్ చేసే పని ఒక్కటే. పొద్దు మునిగాక సుధ ఫోన్ అడిగి తీసుకుని తనే ఛార్జింగ్‌కి పెడతాడు. ఆఫీసు నుంచి వచ్చి బియ్యం కడిగి, చారు పెట్టి, అత్త తిప్పమ్మ కాళ్లకు నూనె రాసే సుధకు అదే పెద్ద సాయంగా తోచేది. "చూడమ్మే, నా కొడుకు నిన్నెంత బాగ చూసుకుంటాండాడో," అనేది తిప్పమ్మ. నిజమేననుకునేది సుధ. హిందూపురం బస్టాండు దగ్గర సెల్‌ఫోన్లు బాగుచేసే అంగడి అతనిది. ఫోనంటే ప్రాణం పెట్టే మనిషికి పెళ్లామన్నా కొంచెం ప్రేమ ఉంటుందిలే అని సర్దుకునేది.

తల్లీబిడ్డల ఆరోగ్యం చూసే ఒక సంస్థ 2009లో ఆ ఊళ్లో ఆఫీసు తెరిచి, పెనుకొండ, ధర్మవరం, నల్లమాడ వైపు పల్లెల్లో తిరిగే ఆరోగ్య కార్యకర్తలకు తలా ఒక ఫోన్ ఇచ్చింది. పల్లె ఆడవాళ్లు తమ కష్టసుఖాలు ఆ ఫోన్లకే మెసేజులుగా రాసేవాళ్లు. ఆ ఫోన్లన్నిటినీ ఆఫీసులోని సర్వర్ నడిపేది. ఏ ప్రోగ్రామైనా సర్వర్‌లో పెడితే చాలు, అన్ని ఫోన్లలోకీ దిగేది. ఆ సర్వర్ చూసుకునే పని సుధది. కొత్తదేదైనా ముందు తన ఫోన్‌లో వేసుకుని చూసి, బాగా నడిస్తే ఫోన్‌లో ఉన్నదున్నట్టు సర్వర్‌లోకి ఎక్కించేది.

ఒక పొద్దున నల్లమాడ కార్యకర్త షహీన్ ఫోన్ చేసింది. "సుధక్కా, ఫోన్ పట్టుకుంటే చేయి కాలిపోతాండాది. నేనేం పంపకపోయినా బ్యాలెన్సు పోతాండాది."

సుధ సర్వర్‌లో వెతికింది. తనకు తెలియని ప్రోగ్రామ్ ఒకటి అన్ని ఫోన్లలోనూ దాక్కుని ఉంది. వచ్చిన ప్రతి మెసేజునూ కాపీ తీసి ఒకే నంబరుకి పంపుతోంది. ఆ నంబరు చూసింది. ఆఫీసు నుంచి బయల్దేరానని, అన్నానికి ఎప్పుడొస్తావని రోజూ తాను మొగుడికి నొక్కే నంబరే అది.

అయినా ముందు పని ఆపలేదు. ఆ ప్రోగ్రామ్‌ను తీసేయమని సర్వర్ నుంచే అన్ని ఫోన్లకూ ఆజ్ఞ పంపింది. ఒక్కో ఫోనూ శుభ్రపడేదాకా చూసి, తాను ఎక్కించిన కాపీని చెరిపేసింది. తన ఫోన్ ఆపేసి సొరుగులో పడేసింది. అప్పుడు గాని ఆలోచన రాలేదు. రాత్రి ఛార్జింగ్ పేరుతో అతను పెట్టింది తన ఒక్కదాని ఫోన్‌లో. అక్కణ్నుంచి దాన్ని సర్వర్‌లోకి ఎక్కించి అందరికీ పంచింది తను. మొగుడికి చెప్పకుండా పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించుకున్నామె, తాగొచ్చి కొడతాడని రాసినామె, ఎవరికీ చెప్పొద్దక్కా అని వేడుకున్న చిన్నపిల్ల, అందరూ అంగట్లో కూచున్న ఆ మనిషి చేతిలోకి వెళ్లారు. తెల్లారేదాకా ఫోన్ ఎందుకు తన దగ్గరే పెట్టుకుంటాడని ఒకసారి అడిగితే, "మొగుడు చూడకూడనిది పెండ్లాం ఫోన్‌లో ఏముంటాదే?" అంది తిప్పమ్మ. ఆ రోజు సిగ్గుపడింది తనే.

మధ్యాహ్నం అంగడికి వెళ్లి, సర్వర్‌లో దొరికింది చెప్పింది. సాయినాథ్ తల ఎత్తలేదు.

"నీ మీద పెట్టినాను. వాళ్ల మీద కాదు," అన్నాడు.

"మరి వాళ్ల మెసేజులు వస్తాంటే ఏం చేసినావు?"

"వస్తాంటే చదివినా. పంపమని నేనడిగినానా?" గొంతు తగ్గించాడు. "ఏందో వైరస్ వచ్చిందని చెప్పు. ఎవురికి తెలుస్తాది?"

ఆఫీసులో మేనేజర్ నజీర్ అంతా విని, తలుపు దగ్గరికి వేసి వచ్చాడు. "వైరస్ అనే రాద్దాంలేమ్మా. పైవాళ్లకు తెలిస్తే నీ ఉద్యోగం పోతాది. సంసారమూ పోతాది."

"ఇంకమీద ఎవురి సొంత ఫోన్ నుంచీ సర్వర్‌లోకి ఏమీ ఎక్కకూడదు సార్. ఆఫీసులోనే ఒక ఖాళీ ఫోన్ పెట్టుకుని దాంట్లోనే చూసుకోవాల. అది నేను చేస్తా. కానీ వైరస్ అని మాత్రం చెప్పను. చదివినోడు ఈ ఊర్లోనే ఉండాడు. అది ఎవురో ఆ ఆడోళ్లకు తెలియాల."

నజీర్ ఆఫీసు ఫోన్ ఆమె వైపు జరిపాడు.

ముందు షహీన్‌కే చేసింది. దాచకుండా చెప్పింది. "మీ మెసేజులు చదివింది నా మొగుడు. ఆ ప్రోగ్రామ్‌ను మీ ఫోన్లలోకి పంపింది నేనే. ఆ ఆడోళ్లకు మనిద్దరమూ పోయి చెప్పాల." తిట్లకు సిద్ధపడి కళ్లు మూసుకుంది.

షహీన్ మెల్లగా అడిగింది.

"నీవి ఎంతకాలం నుంచి చదువుతాండాడక్కా?"

అంతదాకా ఆ మాట ఎవరూ అడగలేదు. పొద్దుటి నుంచి తప్పు చేసినవాళ్లలో తనను లెక్కవేసుకుంటూ వచ్చిన సుధకు, తనూ ఆ ఆడవాళ్లలో ఒకతేనని అప్పుడే తట్టింది.

"తెలీదు షహీన్," అంది. "సాయంత్రం బస్సుకు నల్లమాడకు వస్తాండా. మీ ఇంట్లో కొన్నాళ్లు ఉండేకి వీలవుతాదా?"